ఒక పాప అని చెప్పాను

రోజూ అబద్ధాలు చెప్పే మనిషినే నేను. అందరూ చెప్పేలాంటివే. ఫోన్‌లో మా అత్త "తిన్నావా" అంటే తినకపోయినా తిన్నానంటాను. పక్కింటామె కొత్త చీర కట్టి చూపిస్తే బాగుందంటాను. స్కూల్లో పిల్లల తల్లులు వచ్చి "మావాడు ఎట్ల చదువుతాండాడు మేడమ్" అని అడిగితే, "తెలివైనవాడేనమ్మా, కొంచెం మనసు పెట్టాల, అంతే" అంటాను. వీటివల్ల ఎవరికీ ఏమీ కాదు, పైగా ఎదుటివాళ్ళకు కాస్త ఊరట అనుకుంటూనే దాదాపు నలభై ఏళ్ళు బతికాను. ఇప్పటికీ అవి మానలేదు. కానీ చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతున్నాను. ఎందుకు ఆగుతున్నానో చెప్పాలి.

మాది హిందూపురం. స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఇల్లు. మా ఆయనకు బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. నేను ధర్మవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచర్ని. పొద్దున ప్యాసింజర్‌లో పోయి సాయంత్రం ప్యాసింజర్‌లో తిరిగి వచ్చేదాన్ని.

పెళ్ళయిన పదకొండేళ్ళకు బెంగళూరులో డాక్టరమ్మ, "ఇంక చాలమ్మా, నీ ఒంటిని కష్టపెట్టొద్దు" అని చెప్పేసింది. ఆ మరుసటి రోజు సెలవు పెట్టలేదు. ఇంట్లో ఉంటే ఏడుస్తానని తెలుసు. ఎప్పటిలా రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పెనుకొండలో ఒకామె ఎక్కి నాకు ఎదురుగా కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. నీలం నూలుచీర, ఒళ్ళో గుడ్డసంచి. వేళ్ళ కొసలు బూడిద రంగులో ఉన్నాయి. బండి కదలకముందే మాట కలిపింది.

"యాడికి పోతాండావమ్మా?"

"ధర్మవరం. ఆడ స్కూల్లో టీచర్ని."

"పెండ్లయిందా?"

"అయింది."

"ఎంతమంది పిల్లోళ్ళు?"

ఈ ప్రశ్న తర్వాత ఏమేం వస్తాయో నాకు వరసగా తెలుసు. ముందు "అయ్యో" అంటారు. ఎన్నేళ్ళయిందని అడుగుతారు. లోపం ఎవరిలో అని గొంతు తగ్గించి అడుగుతారు. చివరికి ఎవరికో ఏ గుడికి పోతే కడుపు పండిందో చెప్తారు. ఆ రోజు అదంతా వినే ఓపిక నాకు లేదు.

"ఒక పాప" అన్నాను.

"సంతోషం తల్లీ. ఈ కాలంలో ఒకరే చాలు" అని ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

అంతే. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్న అక్కడితో ఆగింది. ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. ఈ మనిషి మళ్ళీ కనపడదులే అనుకున్నాను.

వారం తిరక్కుండానే కనపడింది. నన్ను చూసి నవ్వి, పక్కనే చోటు చేసుకుని కూర్చుని, "పాప బాగుండాదా టీచరమ్మా?" అంది.

"బాగుండాదక్కా" అన్నాను.

ధర్మవరంలో ఆమె తమ్ముడికి మగ్గాలున్నాయి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, అయిపోవస్తే, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆమె పని అదే. పట్టుపోగు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుంటుంది. కొడుకులిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఇద్దరికీ మగపిల్లలే. ఆడపిల్లంటే ఆమెకు ప్రాణం. అందుకే మా పాప గురించి అడగని రోజు లేదు.

నేను చెప్తూ పోయాను. ఏం చెప్పాలన్నా మా రెండో తరగతి ఉండనే ఉంది. ఒకమ్మాయికి ముందుపన్ను ఊడితే మా పాపకు ఊడిందన్నాను. ఇంకొకరికి బల్లి అంటే భయమైతే మా పాపకూ భయమే. "పేరేంది?" అని అడిగింది ఒకసారి. "ఇంట్లో పాప అనే పిలుస్తాం" అన్నాను. పేరు మాత్రం పెట్టలేదు. పేరు పెడితే ఎవరో నిజంగా వచ్చి గుమ్మంలో నిలబడతారేమోనని ఒక పిచ్చి జంకు. పాప నన్ను వదిలి ఉండలేదనీ, సాయంత్రం బండి వేళకు వాళ్ళవ్వతో స్టేషన్‌కు వచ్చి బెంచీ మీద ఎదురు చూస్తుంటుందనీ కూడా చెప్పాను. ఆ మాట చెప్తూ సాయంత్రం బండి ఎన్ని గంటలకు చేరుతుందో లెక్క వేసుకున్నాను. నిజమైన తల్లి వేసుకున్నట్టే.

ఒకరోజు ఇంకో సంగతి జరిగింది. "మా పాప ఎడమచేత్తో తింటాదక్కా, ఎంత చెప్పినా వినదు" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. మా క్లాసులో ఎడమచేతి వాటం పిల్లలెవరూ లేరు. మా ఇంట్లోనూ లేరు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఆ దారిలో ఒక సొరంగం ఉంది. బండి అందులో దూరగానే కిటికీ నల్లబడి, అద్దంలో నా ముఖం కనపడింది. అక్క ఎదురు సీట్లో ఉండడంతో, నా భుజం పక్కన ఖాళీ సీటు. దాన్ని అవసరమైన దానికన్నా ఎక్కువసేపు చూశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు కంచాలు పెట్టాను.

"ఎవరొస్తాండారు?" అన్నాడు మా ఆయన.

మూడు కంచాలు పెట్టాను. ఏదో పరధ్యానంలే అని మూడోది తీయబోతుంటే చూశాను. మా ఇద్దరి నీళ్ళ గ్లాసులూ కుడిపక్కన ఉన్నాయి. ఆ మూడో కంచానికి మాత్రం ఎడమపక్కన పెట్టి ఉంది. పెట్టింది నేనే. పెట్టినట్టు గుర్తు లేదు.

శ్రావణమాసంలో ఒక పొద్దున అక్క రైలెక్కుతూనే, "నిన్న మీ పాపను చూసినా" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవర్ని?"

"మీ పాపనే. హిందూపురంలో మాకు దగ్గరోళ్ళ ఇంట్లో పెండ్లి ఉండె. సాయంత్రం తిరిగి వచ్చేదానికి స్టేషన్‌కు వచ్చినా. ఆడ బెంచీ కాడ ఒక్కతే ఉండాది. నీ మొకమే, అచ్చు గుద్దినట్టు. ముందుపన్ను లేదు. మీ అమ్మ కోసరమా అంటే తల ఊపింది. అవ్వ యాడికి పోయిందో ఏమో. మీ అమ్మ ఈ బండికే వస్తాది, ఈడనే కూసో అని చెప్పి, నా బండి వస్తే ఎక్కొచ్చినా."

ముందు రోజు స్కూల్లో మీటింగ్ ఉండి నేను ఆ రైలు తప్పిపోయాను. బస్సులో ఇల్లు చేరేసరికి చీకటి పడింది. అది మా పాప కాదక్కా అనాలి. అంటే ఎందుకు కాదో చెప్పాలి. నా నోటి నుంచి వచ్చిన మాట, "అవునక్కా, చెప్పింది. ఎవరో అవ్వ మాట్లాడించిందమ్మా అనింది."

ఆమె ముఖం వెలిగిపోయింది.

ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజంతా నేను భయపడింది నా అబద్ధం గురించే. నేను కల్పించిన పిల్ల ఇంకొకరి కళ్ళకు ఎట్లా కనపడింది అన్నదే నా బుర్రలో తిరిగింది. బెంచీ దగ్గర ఒక్కతే ఉన్న ఆ పిల్ల ఎవరు అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

ఆ సాయంత్రం హిందూపురంలో దిగాక నా కాళ్ళు తిన్నగా ఆ బెంచీ దగ్గరికి పోయాయి. ఎవరూ లేరు. మరుసటి రోజూ చూశాను. తర్వాత అదొక అలవాటైంది. రైలు దిగడం, బెంచీ వైపు చూడడం, జనం పలచబడే దాకా నిలబడడం, ఇంటికి పోవడం. ఎదురుగా టీ అమ్మే అతను నన్ను గమనిస్తున్నాడని తెలుసు. అయినా మానలేకపోయాను.

దసరా ముందు అక్క సంచిలోంచి ఒక దారం తీసి, "పాప ఎంత పొడుగుండాదో చూపీ" అంది. "ఎందుకక్కా" అన్నా వినలేదు. లేచి నిలబడి, నా రొమ్ము కింద గాలిలో చెయ్యి పెట్టి చూపించాను. నేల నుంచి నా అరచేతి దాకా దారం పట్టి, పంటితో కొరికి తెంపుకుంది. నేను చెయ్యి తీసేసి కూర్చున్నాక కూడా ఆ ఖాళీ చోటునే చూస్తూ, "సన్నగా ఉండాది గదా, చుట్టుకొలత తక్కువే చాలు" అంది.

కార్తీకంలో ఒక కాగితం పొట్లం నా ఒళ్ళో పెట్టింది. లోపల పట్టు పావడ గుడ్డ. చిలకపచ్చ రంగు, సన్నటి జరీ అంచు.

"చీరలు కోసినాక పడుగు కొస మిగిలుండె. తమ్మునికి చెప్పి నేనే కూసోని నేసినా. మధ్యాన్నం తిన్నాక రోంతసేపు, పదైదు దినాలు. ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూసునే అలవాటు తప్పిపాయ, మోకాళ్ళు పట్టుకుండాయి" అని నవ్వింది.

వద్దనలేకపోయాను. ఇంటికి తెచ్చి బీరువాలో చీరల కింద పెట్టాను. రెండో రోజే మా ఆయనకు కనపడింది.

"ఎవరిది ఇది?"

అప్పుడు అంతా చెప్పాను, మొదటి రోజు నుంచి. అతను మంచం మీద కూర్చుని, గుడ్డను మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. గుడ్డ అంచు సవరిస్తూ, "ఎంత పొడుగని చూపిస్తివి?" అన్నాడు.

నిలబడి చెయ్యి పెట్టి చూపించాను. అతను నా ముఖం చూడలేదు. నా చేతి కింద ఉన్న ఖాళీని చూశాడు. అట్లా ఎంతసేపు చూశాడో చెప్పలేను. నాకు చెయ్యి దించాలంటే భయమేసింది.

"ఆయమ్మ మోకాళ్ళు నొప్పులు పెట్టుకోని నేసింది. రేపే చెప్పేయ్" అని లేచి షాపుకు పోయాడు.

మర్నాడు పొట్లం తీసుకుని రైలెక్కాను. పెనుకొండలో ఆమె ఎక్కి కూర్చుంది. రైలుపెట్టె సగం ఖాళీగానే ఉంది.

"అక్కా, నాకు పాప లేదు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎప్పుడు? ఏమాయ బిడ్డకు?"

ఆ ఏడుపుగొంతు విన్నాక నేను ఏం చేశానో నాకు పూర్తిగా అర్థమైంది. "పోలేదక్కా. అసలెప్పుడూ లేదు. నాకు పిల్లలు పుట్టలేదు. ఆ పొద్దు నువ్వడిగితే ఊరికే చెప్పినా. ఆమీట మాట మార్చలేకపోయినా."

పొట్లం ఆమె పక్కన పెట్టాను. తిడుతుందనుకున్నాను. ఆమె పొట్లం వైపు చూడనైనా లేదు. మెల్లగా అడిగింది.

"అయితే స్టేషన్లో నేను చూసింది ఎవర్ని?"

"ఎవరో పిల్ల అయ్యుంటాదక్కా."

"కాదు టీచరమ్మా, నువ్వు ఇను." ఆమె నా మణికట్టు పట్టుకుంది. "నేను చూసినప్పుడు ఆ పిల్ల బెంచీ మీద లేదు. లేసి స్టేషన్ వాకిలి దిక్కు పోతాండె. నేనే చెయ్యి పట్టుకోని ఎనక్కి తెచ్చి కూసోబెట్టినా. మీ అమ్మ వస్తాది, లేయొద్దు, ఎవరు పిలిచినా పోవద్దు అని చెప్పినా. నువ్వు దిగుతావు కదా, నువ్వు చూసుకుంటావు కదా అని ఎక్కొచ్చినా. లేకుంటే ఒక్కతే ఉండే బిడ్డను వదిలి వస్తానా నేను?"

బండి సొరంగంలో దూరింది. ఆ చీకటిలోనూ ఆమె చెయ్యి నా మణికట్టును వదల్లేదు.

ఆ సాయంత్రం ఆమె పెనుకొండలో దిగలేదు. నాతో హిందూపురం దాకా వచ్చింది. టీ అమ్మే అతని దగ్గరికి పోయాం. ఆమే అడిగింది.

"ఏమప్పా, శ్రావణంలో ఒక సాయంత్రం ఈ బెంచీ మీద ఆడపిల్ల ఒకతే కూసోనుండె. ఏడేండ్లుంటాయి, ముందుపన్ను లేదు. గుర్తుండాదా?"

అతను గ్లాసులు కడుగుతూనే చెప్పాడు. "ఉండాది. శానాసేపు కూసోనుండె. రెండు బండ్లు పోయినా కదల్లేదు. నేనే బన్ను ఇచ్చినా."

"ఆమీట?"

"ఆమీట పిల్చుకోని పోయినారు కదా."

"ఎవరు?"

అతను తలెత్తి నన్ను చూశాడు. "ఈ మేడమే కదా."

నేను కాదన్నాను. ఆ రోజు బస్సులో వచ్చానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "మీరే మేడమ్. దినామూ ఈ బెంచీ కాడ నిలబడుకొని చూస్తాంటారు కదా. ఆ పిల్ల చెయ్యి పట్టుకోని పోయినారు. ఆ పిల్ల బన్ను ఎడమచేతిలో పట్టుకోనుండె. కుడిచెయ్యి మీరు పట్టుకోనుండారు."

అక్క తిరిగి నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. ఒక్క క్షణం ఆమె నన్ను అనుమానించింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అదే క్షణంలో నన్ను నేనూ అనుమానించుకున్నాను.

తర్వాత ఆలోచిస్తే లెక్క తేలుతుంది. నేను ఆ బెంచీ దగ్గర నిలబడడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. మూడు నెలలు రోజూ నన్నక్కడ చూసి చూసి, ఎవరో ఆడమనిషికి నా ముఖం తగిలించుకున్నాడు అతను. ఎడమచెయ్యి సంగతి కాకతాళీయం. లోకంలో ఎంతమంది పిల్లలు ఎడమచేత్తో తినరు? పగటిపూట ఇదంతా సరిగ్గానే అనిపిస్తుంది.

రైల్వే పోలీసుల దగ్గరికీ పోయాం. అక్కడి కానిస్టేబులు ఓపికగా రిజిస్టరు తిరగేశాడు. "ఆ నెలలో పిల్ల తప్పిపోయిందని ఎవరూ రాలేదమ్మా. దొరికిందనీ లేదు. వాళ్ళమ్మే వచ్చి పిల్చుకోని పోయుంటాది. మీరు నిమ్మళంగా పోండి" అన్నాడు. అదే నిజం కావచ్చు. చాలావరకు అదే అయి ఉంటుంది. అయితే ఆ తల్లి కోసమే పిల్ల వాకిలి వైపు పోతుంటే మేము వెనక్కి తెచ్చి కూర్చోబెట్టామా? రెండు బండ్లు పోయేదాకా కదలకుండా కూర్చుంది, ఎవరు పిలిచినా పోవద్దని చెప్పారు కాబట్టి. మరి ఆ వచ్చిన మనిషితో ఎందుకు పోయింది? మీ అమ్మను నేనే అని ఆ మనిషి చెప్పిందా?

ఆ తర్వాత నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. స్కూల్లో హాజరు పిలుస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. చిన్నగా ఉన్న ప్రతి అమ్మాయి నోటివైపూ చూసేదాన్ని. అక్క రైల్లో నా పక్కనే కూర్చునేది కానీ, పెద్దగా మాట్లాడేది కాదు. పోగులు అతికేటప్పుడు వరస తప్పుతోందని తమ్ముడు కేకలేశాడని ఒకసారి చెప్పింది.

నెల రోజుల తర్వాత ఒక పొద్దున ఆమె ఎక్కుతూనే నా చెయ్యి పట్టుకుంది.

"కనుక్కున్నా టీచరమ్మా. నిన్న హిందూపురం పోయుంటి. ప్లాట్‌ఫారం ఊడ్చే ఆమె ఉండాదే, ఆయమ్మ కూతురంట. దినామూ ఆడనే ఆడుకుంటాండెనంట. ఇప్పుడు మడకశిరలో వాళ్ళవ్వ కాడ పెట్టి చదివిస్తాండారంట. బాగుండాదంట. పన్ను కూడా వచ్చిందంట. నువ్వు ఇంక నెమ్మదిగా ఉండు."

నేను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆ రోజు స్కూల్లో పిల్లలతో పాటు నేనూ పాటలు పాడాను.

సాయంత్రం హిందూపురంలో దిగాక, ఆ తల్లిని ఒకసారి చూసి పోదామనిపించింది. ప్లాట్‌ఫారం ఊడ్చేవాళ్ళ మేస్త్రీని అడిగాను. ఊడ్చేది ఇద్దరు మగవాళ్ళు, ఒక ముసలామె. ఆ ముసలామెకు ఉన్నది ఒక్క కొడుకు, అతను లారీ తోలుతాడు. వేరే ఆడవాళ్ళెవరూ లేరనీ, రెండేళ్ళుగా ఈ ముగ్గురేననీ చెప్పాడు మేస్త్రీ.

ఇంటికి పోయి మా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. పాప దొరికిందట అని మాత్రం చెప్పాను. అతను చేతిలో ఉన్న పని ఆపి, "దొరికిందా" అని ఒక పెద్ద ఊపిరి వదిలాడు. ఇన్నాళ్ళూ అతను కూడా దాన్నే మోస్తున్నాడని అప్పుడే తెలిసింది.

మర్నాడు పెనుకొండలో అక్క ఎక్కింది. కళ్ళ కింద నలుపు అట్లాగే ఉంది. నాకైతే ఊరట కోసం ఆమె చెప్పింది, ఆమెకు మాత్రం ఎవరు చెప్తారు పాప బాగుందని? నా పక్కన కూర్చుని సంచి సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టిందక్కా. శానా దినాలకు బాగా పట్టింది" అన్నాను. "సాయంత్రం ఆ పాప వాళ్ళమ్మను కూడా చూసి మాట్లాడినా. నువ్వు చెప్పినట్టే మడకశిరలో ఉండాదంట."

ఆమె చేతులు సంచి మీద ఆగిపోయాయి. మెల్లగా తల తిప్పి నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలో ముందు భయం కనపడింది. తర్వాత, నమ్మాలని ఎంతో ఆశపడే మనిషి చూపు.

"నిజంగా ఉండాదా?" అంది.